ఎవరూ సలహా ఇవ్వకున్నా ‘ఇల్-అడ్వైజ్డ్’ ఎందుకంటారు?

హన్మకొండలో ఏ స్టడీ హాల్‌కి పోయినా నలిగిపోయిన ఇంగ్లిష్ పర్యాయపదాల పుస్తకం ఒకటి టేబుల్ మీద కనిపిస్తుంది. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు, కేంద్ర ఉద్యోగాల ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షకు చదివేవాళ్లు, గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం పెట్టే జనరల్ ఇంగ్లిష్ పేపరంటే టెన్షన్ పడేవాళ్లు, అందరూ అలాంటి పుస్తకాన్నే బట్టీ కొడుతుంటారు. అందులో ‘ఇల్-అడ్వైజ్డ్’ అనే విశేషణం ఎదురుగా అన్‌వైజ్, ఇంప్రూడెంట్, ఇంజుడీషియస్, ర్యాష్, రెక్‌లెస్, ఫూలిష్ అని వరసగా ఉంటాయి, పక్కన తెలుగులో ‘తెలివితక్కువ’ అని ఒక్క మాట. అంతే, పాఠం అయిపోయినట్టే. అన్నిటికీ అర్థం ఒకటే అయితే ఇంగ్లిష్‌వాళ్లు ఇన్ని మాటలు ఎందుకు పెట్టుకున్నారని ఎవరూ అడగరు, అడిగే టైమ్ కూడా ఉండదు.

ఒక మార్కు ప్రశ్న వరకైతే ఆ పద్ధతి నడుస్తుంది. సొంతంగా ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు, పేపర్లో ఒక సంపాదకీయం చదివి అందులో రాసినాయన ఎంత ఘాటుగా తిడుతున్నాడో అంచనా వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం చిక్కుపడుతుంది. ఆ చిక్కు ఇక్కడ విప్పడానికి ప్రయత్నిస్తాను. ఎక్కువసేపు ఇల్-అడ్వైజ్డ్ దగ్గరే ఉంటాను, ఎందుకంటే వీటన్నిటిలో ఎక్కువ తికమక పెట్టేది అదే.

తికమక ఆ మాట లోపలే ఉంది. ‘అడ్వైజ్’ అంటే సలహా ఇవ్వడమని చిన్న తరగతుల నుంచే తెలుసు, ‘ఇల్’ అంటే జబ్బు అనో చెడు అనో తెలుసు, రెండూ కలిపితే ‘చెడ్డ సలహా అందుకున్న’ అని రావాలి కదా. ఇప్పుడు ఒకాయన, ఎవర్నీ అడగకుండా, జనగామ దగ్గర ఉన్న రెండెకరాలు అమ్మేసి, కాగితం మీద తప్ప నేల మీద లేని ఏదో వెంచర్‌లో ప్లాటు కొన్నాడనుకోండి. ఇంగ్లిష్‌లో దాన్ని ఇల్-అడ్వైజ్డ్ పర్చేజ్ అనే రాస్తారు. మరి ఆయనకు చెడ్డ సలహా ఇచ్చిందెవరు? ఎవరూ ఇవ్వలేదు. పైగా విషయం తెలిసినంక భార్య వద్దన్నది, బావమరిది వద్దన్నాడు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్లు రాసే ఆయన కూడా ఒకసారి ఆలోచించు అన్నాడు. మంచి సలహాలు కావలసినన్ని అందాయి. అయినా ఆ కొనుగోలు ఇల్-అడ్వైజ్డే.

ఎందుకలా అంటే కొంచెం వెనక్కి పోవాలి. ఈ ‘అడ్వైజ్’ పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని వేరు లాటిన్‌లో ‘చూడటం’ అనే ధాతువులో ఉంది. ‘నాకు ఇలా కనిపిస్తోంది’ అనే వాడుక నుంచి ‘అభిప్రాయం’ అనే అర్థం, అక్కడి నుంచి క్రియగా పరికించడం, ఆలోచించడం అనే అర్థాలు వచ్చాయి. అందులోని ‘డి’ అక్షరం కూడా మొదట లేదు, తర్వాతి పండితులు లాటిన్‌ను చూసి ఇరికించారు. ఇంగ్లిష్‌లోకి వచ్చిన తొలినాళ్లలో ఆ క్రియకు ‘బాగా ఆలోచించు’ అనే అర్థం గట్టిగా ఉండేది, ‘ఇంకొకరికి సలహా చెప్పు’ అనేది పక్కన చేరి మెల్లగా పెద్దదైంది. ఆ పాత అర్థం ఈ రోజుకీ కొన్ని మాటల్లో బతికే ఉంది. ఎవరైనా ‘ఈ మాట అడ్వైజెడ్‌లీ వాడుతున్నాను’ అంటే తెలిసే, ఆలోచించే వాడుతున్నానని, అంతేగాని ఎవరో చెబితే వాడుతున్నానని కాదు. ఇల్-అడ్వైజ్డ్ కూడా ఆ కుటుంబంలోదే. సరిగా ఆలోచించకుండా, ముందూ వెనకా చూడకుండా చేసిన పని అని దాని అసలు అర్థం. ‘ముందూ వెనకా చూడకుండా’ అని మనమూ చూపుతోనే చెప్పుకుంటాం, చూశారా.

ఈ పాత అర్థానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం బ్రిటన్ పార్లమెంటులో ఉంది. అక్కడ ఉభయ సభలు పాస్ చేసిన బిల్లును రాజు గానీ రాణి గానీ ఒప్పుకోకపోతే ‘ఒప్పుకోను’ అని మొహాన చెప్పరు. నార్మన్ల కాలం నాటి ఫ్రెంచిలో, గద్దె మీద రాణి ఉంటే, ‘లా రేన్ సవిజెరా’ అనాలి, ‘రాణిగారు ఆలోచిస్తారు’ అని దానర్థం. ఆ ‘సవిజెరా’లో ఉన్నది మన అడ్వైజే. చివరిసారి ఆ మాట పలికింది 1708లో, స్కాట్లండ్‌లో ప్రజాసైన్యం పెట్టాలన్న బిల్లును క్వీన్ ఆన్ తిరస్కరించినప్పుడు. ఆలోచిస్తారు అన్నారంటే బిల్లు చచ్చిపోయినట్టే లెక్క. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా అర్జీ తీసుకుని ‘చూద్దాం లెండి’ అన్నారంటే దానర్థం ఏంటో వరంగల్‌లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు కాబట్టి ఇది మనకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

అసలు తెలుగువాళ్లకు ఈ మాట కష్టం కాకూడదు. మన ‘ఆలోచన’కు కూడా ఇవే రెండు మొహాలు ఉన్నాయి. ఒకటి మనసులో మనం చేసేది, ఇంకొకటి పక్కవాడు చెప్పేది. ‘నాకేం తోస్తలేదు, నువ్వే ఒక ఆలోచన చెప్పు’ అని అన్నప్పుడు మనం అడుగుతున్నది సలహానే. కాబట్టి పత్రికల్లో వాడే ‘అనాలోచిత నిర్ణయం’ అనేది ఇల్-అడ్వైజ్డ్ డెసిషన్‌కు అచ్చంగా సరిపోతుంది, పుస్తకంలోని ‘తెలివితక్కువ’ కంటే ఎన్నో రెట్లు నయం. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ‘ఇల్’ ఉంది కదా అని ‘దుర్’ తగిలించి ‘దురాలోచన’ అని అనువదిస్తే కథ అడ్డం తిరుగుతుంది. దురాలోచన అంటే ఒకరికి కీడు తలపెట్టడం, కుట్ర. ఇల్-అడ్వైజ్డ్‌లో దురుద్దేశం చుక్క కూడా లేదు. మంచి మనసుతో చేసిన పని కూడా ఇల్-అడ్వైజ్డ్ కావచ్చు, నిజానికి చాలాసార్లు అలాగే అవుతుంది.

తిట్టు ఎవరికి తగులుతుంది

పుస్తకం ఈ సంగతి చెప్పదు. ఫూలిష్, స్టుపిడ్ అనేవి పని మీద వేసినా మనిషికి అంటుకుంటాయి. ‘నీ నిర్ణయం స్టుపిడ్’ అంటే వినేవాడికి వినిపించేది ‘నువ్వు ఎడ్డోడివి’ అనే. ఇల్-అడ్వైజ్డ్ అలా కాదు, వేలు ఆ ఒక్క పని వైపే చూపిస్తుంది. మనిషి తెలివైనవాడే, ఈ ఒక్కసారి, ఈ ఒక్క విషయంలో సరిగా చూసుకోలేదు, అంతవరకే. అందుకే రాయబారులకు, సంపాదకీయాలు రాసేవాళ్లకు, ఆఫీసుల్లో పైవాళ్లకు మెయిల్ రాయాల్సిన వాళ్లకు ఈ మాటంటే అంత ఇష్టం. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే ఒకమ్మాయి అవతలి దేశం క్లయింటుకు, టెస్టింగ్ పూర్తి కాకుండా సాఫ్ట్‌వేర్ విడుదల చేయొద్దని చెప్పాలనుకుందాం. ఫూలిష్ అని రాస్తే ప్రాజెక్టు పోవచ్చు. ‘ఈ దశలో విడుదల చేయడం ఇల్-అడ్వైజ్డ్ అవుతుంది’ అని రాస్తే అదే సంగతి చేరుతుంది, ఎవరి పరువూ పోదు. ఇందులో కొంత నాటకం ఉందని ఒప్పుకోవాల్సిందే. చాలాసార్లు రాసేవాడి మనసులో ఉన్నది స్టుపిడ్ అనే.

ఈ మర్యాద వెనక ఇంకో చరిత్ర కూడా ఉంది. రాజు తప్పు చేయడు అనేది ఇంగ్లండులో పాత సూత్రం. మరి రాజు చేసిన పని జనాన్ని నాశనం చేస్తుంటే ఎలా తిట్టాలి? పక్కనున్న మంత్రుల మీద తోసేయడమే దారి. ‘మా రాజు మంచివాడు, చుట్టూ చేరినవాళ్లే చెడగొట్టారు’ అనే మాట తిరుగుబాటుదార్లు కూడా వాడారు. 1641లో ఇంగ్లండ్ పార్లమెంటు మొదటి చార్లెస్ రాజు ముందు పెట్టిన పెద్ద ఫిర్యాదుల చిట్టాలో కూడా నేరం దుష్ట సలహాదారుల మీదే మోపారు. మన దగ్గర కూడా ‘సార్ మంచోడే, చుట్టూ ఉన్నోళ్లే సార్‌ను ఆగం చేస్తున్నరు’ అనే మాట ఏ పార్టీ ఆఫీసు ముందు నిలబడ్డా వినపడుతుంది. అంటే ‘చెడ్డ సలహా అందుకున్న’ అనే రెండో అర్థం కూడా ఇల్-అడ్వైజ్డ్‌కు లేకపోలేదు, ఉంది, కానీ అది మనిషికి వేసినప్పుడే. ‘ఇల్-అడ్వైజ్డ్ కింగ్’ అంటే తెలివితక్కువ రాజు అని అర్థం రాదు, చుట్టూ చెడ్డ మంత్రులున్న రాజు అని వస్తుంది. పనికి వేస్తే అనాలోచితం, మనిషికి వేస్తే తప్పు సలహాల బాధితుడు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం చిక్కు వీడినట్టే.

ఇక ఉదాహరణ. పనికిమాలిన ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మనం ‘తుగ్లక్ నిర్ణయం’ అంటాం. ఆ తుగ్లక్‌కు, వరంగల్‌కు ఉన్న లెక్క చిన్నది కాదు. ఢిల్లీ గద్దె ఎక్కకముందు, ఉలుగ్ ఖాన్ అనే పేరుతో యువరాజుగా ఉన్నప్పుడు, 1323లో ఓరుగల్లు కోటను పట్టుకుని ప్రతాపరుద్రుణ్ని బందీ చేసింది ఆయన సైన్యమే. మొదటిసారి ముట్టడి విఫలమై వెనక్కి పోయి, మళ్లీ వచ్చి మరీ గెలిచాడు. కాకతీయుల పాలన అక్కడితో ముగిసింది. అంటే మనం జోకులేసుకునే ఈ మనిషి చేతకానివాడు మాత్రం కాదు. ఆయనే తర్వాత సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా 1327 ప్రాంతంలో ఢిల్లీ నుంచి పెద్దలను, అధికారులను దేవగిరికి తరలించి దానికి దౌలతాబాద్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లకు టంకా అనే వెండి నాణెం విలువతో రాగి, ఇత్తడి నాణేలు విడుదల చేశాడు.

రెండూ బెడిసికొట్టాయి. కానీ వాటికి ఏ విశేషణం వేయాలి? ఫూలిష్ అంటే అన్యాయం. ఆయనకంటే ముందే చైనాలో కాగితం డబ్బు నడిచింది, ఇరాన్‌లో 1294లో ప్రయత్నించి చేతులు కాల్చుకున్నారు. లోహం విలువతో సంబంధం లేకుండా రాజముద్ర మీద నమ్మకంతో డబ్బు నడవాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు, ఈ రోజు మన జేబులో ఉన్న 500 నోటు అదే పద్ధతిలో నడుస్తోంది. లోపం ఎక్కడంటే, దొంగ నాణెం చేయడం కష్టమయ్యేలా టంకశాల ఏర్పాటు ఏదీ పెట్టకుండా దింపాడు. రాగి అందరి దగ్గరా ఉంది, పోత పోయడం వచ్చిన కంసాలి ప్రతి ఊళ్లో ఉన్నాడు, ఇంటింటా నాణేలు తయారయ్యాయని ఆ కాలపు చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు. చివరికి సుల్తాన్ ఆ రాగి తీసుకుని ఖజానా నుంచి వెండి చెల్లించాల్సి వచ్చింది. తెలివి ఉంది, దూరపు చూపు కూడా ఉంది, మధ్యలో ఏం జరుగుతుందో చూసుకోలేదు. ఇల్-అడ్వైజ్డ్ అనే మాట అచ్చంగా ఇలాంటి దాని కోసమే పుట్టింది. ‘ఇల్-కన్సీవ్డ్’ అనే దాని అన్నదమ్ముడు కూడా ఇక్కడ నప్పుతుంది, అది పథకం తయారీలోనే లోపం ఉందని చెబుతుంది.

ఫలితం చెడింది కాబట్టి పని ఇల్-అడ్వైజ్డ్ అని తేల్చేయడం కూడా కుదరదు. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో అది చేయదగ్గ పనేనా అన్నదే ప్రశ్న. అన్నీ చూసుకుని చేసినా అదృష్టం బాగాలేక చెడితే ఇంగ్లిష్‌లో అన్‌లక్కీ అంటారు. ఏదీ చూసుకోకుండా చేసి లాభపడ్డవాడి పని మాత్రం లాభం వచ్చినా ఇల్-అడ్వైజ్డ్‌గానే ఉంటుంది.

ఎనుమాముల నుంచి బొగత దాకా

ఇప్పుడు ఆ పర్యాయపదాల వరుసను విడివిడిగా చూద్దాం.

ఇంప్రూడెంట్ అనేది డబ్బు దగ్గర, రేపటి లెక్క దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. దీని లాటిన్ వేరులో ‘ముందుగా చూడటం’ ఉంది, కాబట్టి తెలుగులో ‘ముందుచూపు లేని’ అంటే ఖచ్చితంగా కుదురుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతును తీసుకోండి. ఉదాహరణకు 20 క్వింటాళ్లు తెచ్చాడు, ధర నచ్చలేదు, ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో పెడదామనుకున్నాడు. ఇంతవరకు తప్పేం లేదు, ధర పెరగొచ్చు, తగ్గొచ్చు. కానీ ఇంట్లో ఖర్చులకు, కూలీల బాకీలకు అని 2 లక్షలు 3 రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు నూటికి 3 రూపాయలంటే 2 లక్షలకు నెలకు 6,000, ఆరు నెలలకు 36,000. అంటే ధర క్వింటాకు 1,800 పెరిగితే గానీ మిత్తి కూడా వెళ్లదు, స్టోరేజీ కిరాయి, హమాలీ అదనం, బరువు తగ్గడం ఇంకా అదనం. ఈ లెక్క వేసుకోకుండా సరుకు ఆపాడంటే అది ఇంప్రూడెంట్. సరుకు ఆపడం కాదు తప్పు, అంత మిత్తి నెత్తిన పెట్టుకుని ఆపడం. అదే రైతు బాకీ లేకుండా, చేతిలో నాలుగు డబ్బులు ఉండి ఆపి, తర్వాత ధర పడిపోతే ఇంప్రూడెంట్ అనడం దండగ.

ఇంజుడీషియస్‌కు వచ్చేసరికి విచక్షణ, మోతాదు, ఎంపిక. ఇందులో ‘తీర్పు’ అనే వేరు ఉంది, కానీ కోర్టుతో సంబంధం లేదు. కోర్టుకు సంబంధించినది జుడీషియల్, విచక్షణతో కూడినది జుడీషియస్, ఈ రెంటినీ కలిపేయడం పరీక్షల్లో ప్రతిసారీ జరిగే పొరపాటు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ మాటను తెగ వాడతారు, ‘ఇంజుడీషియస్ యూజ్ ఆఫ్ పెస్టిసైడ్స్’ అని. 2021-22లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు మన జిల్లాల్లో చూసినవాళ్లకు దీని అర్థం డిక్షనరీ లేకుండానే తెలుసు. పువ్వులో గుంపులుగా చేరి పీల్చేస్తుంటే, కళ్ల ముందు చేను పోతుంటే, రైతు ఏం చేస్తాడు? మందుల షాపులో ఏది ఇస్తే అది, రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి, రోజు విడిచి రోజు కొట్టాడు. పురుగు మందు కొట్టడం తప్పు కాదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అనే విచక్షణ పోవడం వల్ల తామర పురుగును తినే మిత్రపురుగులు కూడా చచ్చి, పురుగుకు ఇంకా సందు దొరికింది. ఇక్కడ ర్యాష్ అన్నా ఫూలిష్ అన్నా ఆ రైతు కష్టాన్ని అవమానించినట్టు. ఇంజుడీషియస్ అంటే లోపం వాడకంలో ఉందని మాత్రమే చెప్పినట్టు. మాటలకు కూడా ఇదే వాడతారు, అవసరం లేని చోట నోరు జారితే ‘ఇంజుడీషియస్ రిమార్క్’.

ర్యాష్‌లో ఉన్నది తొందర. మన ‘ఆగమాగం’ దీనికి చక్కగా సరిపోతుంది. ఆలోచించే శక్తి ఉంది, ఆలోచించడానికి ఆగలేదు. అయితే మన దేశపు చట్టంలో ఈ మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది, అది తెలుసుకోవాలి. పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో సెక్షన్ 279, ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281, రెండింటిలోనూ బండి నడపడం గురించి ‘ర్యాష్ ఆర్ నెగ్లిజెంట్’ అని రెండు మాటలు వేరువేరుగా ఉన్నాయి. ప్రమాదం జరగొచ్చని తెలిసి, జరగదులే అనుకుని ముందుకు పోవడం మొదటిది. తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవడం రెండోది. ఈ తేడాను మద్రాసు హైకోర్టు 1872లోనే విడమరిచి చెప్పింది, ఇప్పటికీ తీర్పుల్లో దాన్ని తిరగేస్తూనే ఉంటారు. కాజీపేట బ్రిడ్జి మీద ఎదురుగా వచ్చే బండిని చూసి కూడా ఓవర్‌టేక్ చేసేవాడు ర్యాష్. ఫోన్ చూసుకుంటూ ఎదురుగా బండి వచ్చిన సంగతే చూడనివాడు నెగ్లిజెంట్, మన భాషలో చెప్పాలంటే సోయి లేనివాడు. పేపర్లో ‘అతివేగం, అజాగ్రత్త’ అని రెండు మాటలు జంటగా రాసేది ఇందుకే.

రెక్‌లెస్ దానికి ఇంకో మెట్టు పైన. ‘రెక్’ అంటే పాత ఇంగ్లిష్‌లో పట్టించుకోవడం. రెక్‌లెస్ అంటే పర్యవసానం ఏదైతే నాకేంటి అనే మనిషి. ర్యాష్ మనిషికి తర్వాత పశ్చాత్తాపం ఉంటుంది, రెక్‌లెస్ మనిషికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇల్-అడ్వైజ్డ్‌కు బదులు దీన్ని వాడితే విమర్శ ఒక్కసారిగా నేరారోపణ అయిపోతుంది, చూసి వాడాలి.

ఫూల్‌హార్డీలో సగం తిట్టు, సగం మెచ్చుకోలు. ధైర్యం నిజంగానే ఉంది, అది పెట్టకూడని చోట పెట్టారు. మనం దుస్సాహసం అంటాం. వానాకాలంలో ములుగు జిల్లా వాజేడు దగ్గర బొగత జలపాతం ఉధృతంగా దూకుతున్నప్పుడు, అటవీ శాఖ వాళ్లు తాడు కట్టి వద్దంటున్నా దాటిపోయి సెల్ఫీ దిగే కుర్రాళ్లు ఫూల్‌హార్డీ. రోడ్డు మీద నుంచి వాగు పారుతుంటే బైకు దాటించే మొనగాడు కూడా. వీటికి ఇల్-అడ్వైజ్డ్ వాడితే మరీ మెత్తగా ఉంటుంది, వ్యంగ్యంగా అంటే తప్ప.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. అన్‌వైజ్ అన్నిటికంటే సాదాది, ఎక్కడైనా పడుతుంది, అందుకే ఎక్కడా గుచ్చుకోదు. ఇన్‌అడ్వైజబుల్ ఎక్కువగా ఇంకా చేయని పనికి వాడతారు, డాక్టరు ‘ఈ నెలలో ప్రయాణం ఇన్‌అడ్వైజబుల్’ అన్నట్టు. జరిగిపోయిన పనికి ఇల్-అడ్వైజ్డ్ నప్పుతుంది, జరగబోయేదానికి రెండూ పనికొస్తాయి. మిస్‌గైడెడ్ అంటే ఉద్దేశం మంచిదే, దారి తప్పింది. ఇంపాలిటిక్ రాజకీయంగా నష్టం తెచ్చేది, పని న్యాయమైనదే అయినా సరే. ఫూలిష్ సంగతి పైన చెప్పాను. అన్నట్టు ఇంగ్లిష్‌లో ఈ తెలివితక్కువ మాటలకు స్థిరత్వం తక్కువ. ఇప్పుడు ‘మంచి’ అని వాడే నైస్ ఒకప్పుడు ‘ఏమీ తెలియని, తెలివితక్కువ’ అనే మాట, ఇప్పుడు తెలివితక్కువ అని వాడే సిల్లీ ఒకప్పుడు ‘ధన్యమైన’ అనే మాట. రెండూ ఒకదాని సీట్లో ఒకటి కూర్చున్నాయి.

వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలి

ఇల్-అడ్వైజ్డ్ నామవాచకం ముందు వచ్చినప్పుడు మధ్యలో చిన్న గీత తప్పనిసరి. డెసిషన్, మూవ్, అటెంప్ట్, రిమార్క్, ఇన్వెస్ట్‌మెంట్, జోక్, ఇవన్నీ దాని పక్కన హాయిగా కూర్చుంటాయి. వస్తువుల ముందు కూర్చోదు, ఇల్-అడ్వైజ్డ్ కారు అని ఉండదు, కారు కొనడం ఇల్-అడ్వైజ్డ్ అవుతుంది. స్పెల్లింగ్ దగ్గర మన లిపి పనికొస్తుంది. సలహా అనే నామవాచకం ‘అడ్వైస్’, చివర స, ఇంగ్లిష్‌లో సి అక్షరం. సలహా ఇవ్వడం అనే క్రియ ‘అడ్వైజ్’, చివర జ, ఇంగ్లిష్‌లో ఎస్ అక్షరం. మన మాట క్రియ నుంచి వచ్చింది కాబట్టి ఎస్. సి వేసి రాసిన అర్జీలు, మెయిళ్లు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. ఇక బ్యాంకువాళ్ల ‘పేమెంట్ అడ్వైస్’ సలహా కాదు, సమాచారం. రైల్వే స్టేషన్‌లో ‘ప్యాసింజర్స్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు క్రాస్ ది ట్రాక్స్’ అని రాసి ఉంటే అది కూడా సలహా కాదు, దాటితే ఫైన్.

ఇంకొక నిర్మాణం ఉంది, దీని దగ్గర చాలామంది తడబడతారు. ‘యూ వుడ్ బి ఇల్-అడ్వైజ్డ్ టు సైన్ ఇట్’ అని ఎవరైనా రాస్తే ఇక్కడ విశేషణం మనిషికి వేసినట్టు కనిపిస్తుంది, పైన నేను చెప్పిన లెక్క ప్రకారం ‘నీకు చెడ్డ సలహా అందింది’ అని రావాలి. రాదు. వెనక ‘టు’తో ఒక పని అతికి ఉంది కాబట్టి అర్థం ఆ పని మీదకే పోతుంది, ‘దాని మీద సంతకం పెట్టకపోతేనే నీకు మంచిది’ అని. ఆ ‘టు’ తర్వాతి క్రియ లేకుండా, గీత కూడా లేకుండా, ‘హి వాజ్ ఇల్ అడ్వైజ్డ్ బై హిజ్ లాయర్’ అని ఉంటే మాత్రం నిజంగానే వకీలు తప్పు సలహా ఇచ్చాడని.

దీనికి ఎదురుమాట ‘వెల్-అడ్వైజ్డ్’ ఇంకా గమ్మత్తైనది. మాట తీయగా ఉంటుంది, లోపల ముల్లు ఉంటుంది. ఇంటి ఓనరు వకీలు నుంచి వచ్చిన నోటీసులో ‘యూ వుడ్ బి వెల్ అడ్వైజ్డ్ టు వెకేట్ ది ప్రెమిసెస్ వితిన్ 15 డేస్’ అని ఉంటే, పాపం మన మంచి కోరి చెబుతున్నారని అనుకోవద్దు. ‘ఖాళీ చేయకపోతే కోర్టుకు పోతాం, మంచిగుండదు మళ్ల’ అని దాని తెలుగు. అందుకోవడమే ఆలస్యం, మీరూ ఒక వకీలును చూసుకోవాలి.